రెండో పెట్టె స్లైడ్లు

జూన్ 5

మావయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

ఉత్తరం రాసి రెండు నెలలైందని అత్తయ్య అలిగి ఉంటుంది. ఫోనులో మాట్లాడదామంటే మావయ్య సగం విని, మిగతా సగం తనే పూరించుకుంటారు. అందుకే పెన్ను పట్టాను.

నీళ్ళ పరీక్షల ల్యాబులో నాకు ఐదు నెలలు నిండాయి. ఈ నెలాఖరుకి ఆఫీసరుగారు నా పనితీరు మీద కాగితం రాస్తారు. బాగుందంటే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే పెట్టె సర్దుకోవడమే. నా బల్ల కిటికీ పక్కన. దాని మీద వరుసగా గాజు గ్లాసులు, ఒక్కో గ్లాసు మూతి మీద ఒక్కో ఉల్లిపాయ, అడుగు మాత్రం నీళ్ళకి తగిలేటట్టు. మూడో రోజుకి తెల్లటి వేళ్ళు గడ్డంలా దిగుతాయి. నీళ్ళు మంచివైతే వేరు కొనలో కణాలు చురుగ్గా రెండేసిగా చీలుతూ ఉంటాయి, వేరు పొడుగు సాగుతుంది. నీళ్ళలో విషముంటే ఆ చీలడం మందగిస్తుంది. వెయ్యి కణాలు చూసి, అందులో ఎన్ని చీలుతున్నాయో రాయాలి. ఇదీ నా ఉద్యోగమని చెబితే, "ఉల్లిపాయ చెప్పేదానికి నీకు జీతమెందుకే" అంది అమ్మ.

ఈ పని నేర్పింది మీరే. బడి సెలవుల్లో మీ కాలేజీకి తీసుకెళ్ళి, స్టూలు మీద నిలబెట్టి మైక్రోస్కోపులో చూపించారు. కణం మధ్యలో ఎర్రటి దారప్పోగులు బారులు తీరి, తర్వాత చెరో వైపుకీ జరిగిపోయి, నడుమ గోడ కట్టుకుని ఒకటి రెండవడం. ముప్పై ఒక్క ఏళ్ళు అటెండరుగా చేసిన మనిషిని కాలేజీ అంతా స్లైడు మాస్టారని ఎందుకు పిలిచేదో ఆ రోజే తెలిసింది నాకు.

ఇప్పుడు నా కష్టం. వేరు కొనలు పరిచిన స్లైడ్లు రెండు పెట్టెలు పోస్టులో పంపుతున్నాను. స్లైడ్లన్నీ ఒకే రోజు, ఒకే పూట చేసినవి. అంచులకి గోళ్ళరంగు పూసి మూసేశాను, మూడు వారాలైనా ఎండిపోవు. ఒకటో పెట్టెలో వెయ్యికి ఎనభై దాకా చీలే కణాలు దొరికాయి. రెండో పెట్టెలో కళ్ళు కాయలు కాచేలా వెతికినా పది దాటలేదు. కణాలన్నీ అలా ఊరికే కూచున్నాయి. నా చెయ్యి కుదరలేదా, ఇంకేమన్నానా? ఏ పెట్టెలో ఏముందో కావాలనే రాయడం లేదు. ముందే తెలిస్తే చూపు అటే లాగుతుందని మీరే అనేవారు. కాస్త చూసి చెప్పండి. మీ మాటే నాకు ప్రమాణం.

మీ బుల్లెమ్మ

—

జూన్ 12

చిరంజీవి బుల్లెమ్మకి మావయ్య ఆశీస్సులు.

నా కుడి భుజం పట్టేసింది. నేను చెబుతుంటే మీ అత్తయ్య రాస్తోంది. తప్పులుంటే ఆవిడవి, ఒప్పులుంటే నావి. (భుజమట. సరే, రాస్తున్నా. — అత్తయ్య)

నీ పెట్టెలు అందాయి. స్లైడు ఒక్కటి కూడా పగల్లేదు. నువ్వు దూది చుట్టిన తీరు చూసి మీ అత్తయ్య, ఇవి పెళ్ళికూతురి నగలా స్లైడ్లా అంది. ఆ మర్నాడే కాలేజీకి వెళ్ళి మైక్రోస్కోపు అరువు తెచ్చాను. ఇప్పుడున్న లెక్చరరమ్మ నా దగ్గర ప్రాక్టికల్స్ చేసిన పిల్లే. నన్ను చూడగానే లేచి నిలబడి, "మాస్టారూ, మీరు అడగాలా" అంది. వరండాలో వెలుతురున్న చోట బల్ల వేసుకుని రెండు పూటలు కూచున్నాను.

మొహమాటం లేకుండా చెబుతున్నా. ఒకటో పెట్టె ఫరవాలేదు. రెండోది చెత్తబుట్టకి తప్ప ఎందుకూ పనికిరాదు. రంగు మడ్డికట్టింది. కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వేరు కొనల్ని మెత్తబరిచే ఆసిడ్లో ఎక్కువసేపు ఉంచావు. స్లైడు మీద బొటనవేలితో నొక్కేటప్పుడు పక్కకి జరిపావు. నిలువుగా, ఒక్కసారే నొక్కాలని నీకు ఎన్నిసార్లు చెప్పాను? వేరు కొన కూడా పొద్దున్నే కోసి ఉండవు, ఎండెక్కాక కోసి ఉంటావు. అప్పటికి కణాలు చీలే జోరు తగ్గుతుంది. చీలేది చిట్టచివర కాదు, కొనకి టోపీలా ఉండే పొరకి కాస్త పైన, ఆవగింజంత మేర. అంతకు పైన కోస్తే పొడుగు సాగే కణాలే కనపడతాయి. నువ్వు తొందరపడి ఎక్కడో కోశావు.

రెండో పెట్టె లెక్క పారెయ్. బెంగ పెట్టుకోకు. చెయ్యి కుదరడానికి నాకే నాలుగేళ్ళు పట్టింది. పర్మినెంటయ్యాక ఒక వారం సెలవు పెట్టి రా, మళ్ళీ దగ్గరుండి నేర్పుతాను.

(ఈయన పొద్దున వార్తాపత్రిక కూడా నాచేతే చదివిస్తున్నారు. భుజానికీ పేపరుకీ ఏమిటి సంబంధమో నువ్వే అడుగు. — అత్తయ్య)

మావయ్య

—

జూన్ 24

మావయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం పదహారున అందింది. చదివి సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మీ దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెప్పుకు తిరిగే దాన్ని, బొటనవేలు నిలువుగా నొక్కడం రాలేదన్నమాట. పొద్దున ఏడింటికే కోసినట్టు గుర్తు, కానీ మీరు అన్నాక నాకే అనుమానం వచ్చింది.

రిపోర్టు పంతొమ్మిదిన ఇవ్వాలి. కొత్త వేళ్ళు మొలిపించి, కోసి, స్లైడ్లు చేసి లెక్కపెట్టడానికి వ్యవధి చాలదు. మీరు పారెయ్యమన్న లెక్క పారేశాను. తక్కినది ఎలాగో సర్దాను. అనుకున్న రోజుకే రిపోర్టు వెళ్ళిపోయింది.

ఇంతకీ ఆ పని ఎవరి కోసమో మీకు చెప్పలేదు. ఊరి చివర ఒక వీధి ఉంది. ఇరవై ఆరిళ్ళకి ఒకటే బోరు. ఆ వీధి వెనకే ఇనప సామానుకి మెరుపు పూత పూసే షెడ్డు. నీళ్ళు అదో రకం వాసన వస్తున్నాయని వీధిలోవాళ్ళు ఫిర్యాదు పెట్టారు. మామూలు పరీక్షల్లో ఏమీ తేలకపోతే ఉల్లిపాయ పరీక్ష నాకిచ్చారు. నీళ్ళు బాగానే ఉన్నాయని రాశాం. వీధిలోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారని మా డ్రైవరు చెప్పాడు. పాపం, అంతకుముందు రెండు ఫర్లాంగుల దూరం నుంచి బిందెలు మోసుకొచ్చేవారట.

ఆఫీసరుగారు నన్ను పిలిచి, "చేతిలో పనుందమ్మా నీకు" అన్నారు. మా మావయ్య కూడా స్లైడ్లు చూశారండీ, ఆయన స్లైడు మాస్టారండీ అన్నాను. "అలాగా, పెద్దవాళ్ళు వెనక ఉంటే మంచిదే" అన్నారు. నిన్న ఆర్డరు చేతికిచ్చారు. పర్మినెంటయ్యాను.

ఆనందంగానే ఉంది. ఉండాలి కదా.

అత్తయ్యా, మావయ్య భుజానికి నూనె రాస్తున్నావా? పేపరు సంగతి నాకు అర్థం కాలేదు.

మీ బుల్లెమ్మ

—

జూలై 9

చిరంజీవి బుల్లెమ్మకి,

నీకు ఉద్యోగం ఖాయమైనందుకు సంతోషం. మీ అమ్మ కూడా వచ్చి చెప్పి వెళ్ళింది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వరండాలో చూరు కారుతోంది. మైక్రోస్కోపు కాలేజీకి తిరిగి ఇచ్చేశాను.

ఒక చిన్న మాట అడుగుతాను, మరోలా అనుకోకు. నువ్వు పంపిన రెండో పెట్టె, అవి ఏ గ్లాసులో వేళ్ళు? మంచినీళ్ళవా, ఆ బోరు నీళ్ళవా? ఊరికే అడుగుతున్నా. రిపోర్టులో నా మాట ఎక్కడన్నా రాశావా? రాయకపోతే మంచిది. రాసి ఉంటే అది కూడా చెప్పు. ఆ లెక్కల కాగితం నీ దగ్గర ఉంటే దాచు, చింపకు.

ఇంకేమీ విశేషాలు లేవు.

మావయ్య

(ఏమిటే బుల్లీ ఇది? ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మూడు రోజులు తిప్పించుకున్నారు. అన్నం ముందు కూచుని లేచిపోతున్నారు. నీకూ ఆయనకీ మధ్య ఏమైనా జరిగిందా? — అత్తయ్య)

—

జూలై 16

మావయ్యకి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఊరికే అడిగే మాటలు ఇలా ఉండవు.

మీ పేరు రిపోర్టులో లేదు. భయపడకండి. సంతకం నాది, దాని కింద ఆఫీసరుగారిది. కాలేజీలో స్లైడ్లు కడిగిన మనిషి పేరు రిపోర్టులో ఎవరూ రాయరు.

మీరే కదా చెత్తబుట్టకన్నది? మీరే కదా పారెయ్యమన్నది? పారేశాక, రిపోర్టు వెళ్ళాక, ఆర్డరు వచ్చాక, అవి ఏ గ్లాసు వేళ్ళని ఇప్పుడు అడుగుతారా? రెండో పెట్టె బోరు నీళ్ళది. చాలా?

మీరు అడగనిది కూడా చెబుతాను, ఎటూ మీరు ఊహించే ఉంటారు. రెండో పెట్టె లెక్క లేకుండా రిపోర్టు పోదు. ఆఫీసరుగారిని వారం గడువు అడగొచ్చు. అడగలేదు. స్లైడ్లు చెడగొట్టానని చెప్పుకోవాలి, ఆ వారంలోనే ఆయన నా మీద కాగితం రాయాలి. ఒకటో పెట్టె లెక్క తీసుకుని రెండో గడిలో వేశాను. అదే అంకె వేస్తే బాగుండదని కాస్త తగ్గించాను. ఎనభై ఒకటి పక్కన డెబ్బై ఆరు. నమ్మేలా ఉండాలి కదా.

బోరు గ్లాసులో వేళ్ళు పొట్టిగా ఉన్నాయి. కొనలు కొక్కెంలా వంగాయి. అది కూడా చూశాను. ఉల్లిపాయ ముదురుదై ఉంటుందనుకున్నాను.

మీరు స్లైడ్లు బాగా లేవన్నారు కాబట్టే నా మనసు ఒప్పుకుంది. ఇప్పుడు తప్పంతా నా మీదికి తోసి మీరు పక్కకి తప్పుకోవాలనుకుంటే తప్పుకోండి.

బుల్లెమ్మ

—

జూలై 22

బుల్లెమ్మా,

ఇది నేనే రాస్తున్నా. మీ అత్తయ్య గుడికో మార్కెట్టుకో వెళ్ళింది, నేను అడగలేదు. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకుని చదువుకో. అట్ట ముక్క ఒకటి అడ్డం పెట్టుకుని, దాని అంచు వెంట రాస్తున్నా. ఆవిడ చేత ఈ ఉత్తరం రాయించలేను.

నా భుజానికి ఏమీ కాలేదు. కళ్ళు పోతున్నాయి. రెండింటికీ శుక్లాలు. ఏడాదిన్నరగా. మొదట మంచు తెరలా ఉండేది, ఇప్పుడు పాలు పోసినట్టు ఉంది. మీ అత్తయ్యకి తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆపరేషనంటే భయమని ఆవిడతో అన్నాను. నిజమేమిటంటే, స్లైడు మాస్టారికి కళ్ళు కనపడవంటే నవ్వుతారని.

నువ్వు పంపిన స్లైడ్లు నేను చూడలేదు. మైక్రోస్కోపు తెచ్చిన మాట నిజం. రెండు పూటలు కూచున్న మాట నిజం. గుండ్రటి వెలుగు, అందులో ఎర్రటి మసక. అంతే కనపడింది. ఎన్ని తిప్పినా అంతే. చూడలేకపోయానని నీకు రాసెయ్యాల్సింది. ఒక్క వాక్యం. దాని బదులు, నువ్వు ఉత్తరంలో చెప్పిన మాటనే తిరగేసి నీకే చెప్పాను. రెండో పెట్టెలో ఏమీ లేదని నువ్వే రాశావు, కాబట్టి రెండో పెట్టె చెడ్డదన్నాను. దానికి తోడు మడ్డి రంగని, బొటనవేలని, ఎండెక్కాక కోశావని కల్పించాను. నీ ముందు మాస్టారులా ఉండాలని.

ఒకే రోజు, ఒకే పూట, ఒకే చెయ్యి చేసిన స్లైడ్లని నువ్వు రాశావు. ఒక పెట్టె బాగుండి రెండోది చెడితే చేతిది కాదు తప్పు, నీళ్ళది. పదో తరగతి పిల్లకి తడుతుంది ఆ మాట. నాకు తట్టలేదు. నా ధ్యాసంతా నా కళ్ళు బయటపడకూడదనే.

ఇంతకంటే సిగ్గుపడే మాట ఇంకొకటి ఉంది. జూన్ ఇరవై రెండున లెక్చరరమ్మ మైక్రోస్కోపు తీసుకుపోవడానికి వచ్చింది. నీ పెట్టెలు బల్ల మీదే ఉన్నాయి. కుతూహలం కొద్దీ చూసింది. "మాస్టారూ, ఎవరివండీ ఇవి, ఒక్క పొరలో పరిచినట్టున్నాయి, మీ చెయ్యే అనుకున్నా" అంది. "ఒకదాంట్లో నిండా చీలుతున్నాయి, రెండోదాంట్లో ఒకటీ అరా తప్ప లేవు. ఏ విషంలో పెంచారండీ వీటిని?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడే నీకు రాయాల్సింది. రాయలేదు. ఆ తర్వాత వారానికి నీ ఉత్తరం అందింది, అందులో ఆ వీధి సంగతి. అప్పుడూ వెంటనే రాయలేదు. పది రోజులు నాన్చి, ఊరికే అడుగుతున్నా అని రాశాను. ఆ రోజుల్లో ఆ ఇరవై ఆరిళ్ళూ ఆ నీళ్ళే తాగాయి.

నువ్వు వేసిన అంకె నీ తప్పే. కాదనను. కానీ నీ చెయ్యి నిన్ను మోసం చెయ్యలేదు. నేను చేశాను. స్లైడ్లు కడిగిన మనిషినన్నావు. కడిగిన మనిషిగానే ఉండుంటే బాగుండేది.

నీ ఆఫీసరుకి ఏం చెబుతావో నీ ఇష్టం. నా పేరు చెప్పాల్సి వస్తే చెప్పు. లెక్చరరమ్మని అడిగాను. తను చూసింది చూసినట్టు కాగితం మీద రాసిచ్చింది. ఇందులో పెట్టాను. నా కళ్ళ సంగతి కూడా ఆమెతో చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వలేదు.

మావయ్య

—

ఆగస్టు 30

మావయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. ముందు మీకు ఒక మాట చెప్పుకోవాలి. స్లైడ్లు కడిగిన మనిషని రాసిన మాట నేను వెనక్కి తీసుకోలేను, కాగితం మీద పడిపోయింది. చింపెయ్యండని కూడా అడగను. అది రాసేటప్పుడు మీకు గుచ్చుకోవాలనే రాశాను. మీకు ఒక కన్ను ఆపరేషన్ అయిందని, పిండి డబ్బా మీది అక్షరాలు చదువుతున్నారని అమ్మ చెప్పింది. రెండోది కూడా వాయిదా వేయకండి. ఈ ఉత్తరం మీరే చదువుతారనుకుని రాస్తున్నాను.

మీ ఉత్తరం జూలై ఇరవై ఆరున అందింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసరుగారి గదికి వెళ్ళాను. లెక్చరరమ్మగారి కాగితం, నా పాత లెక్క, రిపోర్టు నకలు మూడూ బల్ల మీద పెట్టాను. చదివి, రిపోర్టులో రెండో అంకె మీద వేలు పెట్టారు.

"డెబ్బై ఆరు ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నారు.

"నేను వేశానండీ."

"చూడకుండా?"

"చూశానండీ. చూసింది వెయ్యలేదు."

మీ మాట ఎత్తలేదు. ఎత్తితే కాస్త తేలికయ్యేది, అందుకే ఎత్తలేదు. మీరు చెప్పినదాన్ని నమ్మడం వేరు, లేని అంకె వెయ్యడం వేరు. మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని రెండోది చేశాను.

ఆ రోజే మళ్ళీ ఉల్లిపాయలు పెట్టారు. ఈసారి పక్క బల్ల ఆవిడ, ఏ గ్లాసు దేనిదో తెలియకుండా లెక్కపెట్టింది. మంచినీళ్ళకి ఎనభై నాలుగు, బోరు నీళ్ళకి తొమ్మిది. నా మొదటి లెక్కలో కూడా తొమ్మిదే. ఆ తర్వాత లోహాల పరీక్ష చేశారు. షెడ్డులో పూత కడిగిన నీళ్ళు వెనక గుంటలోకి వదులుతున్నారు, అక్కణ్ణించి భూమిలోకి దిగాయి. బోరు మూసేసి సీలు వేశారు. రోజూ ట్యాంకరు వెళుతోంది. తప్పుడు రిపోర్టు పోయిన నాటి నుంచి నేను చెప్పిన నాటికి ముప్పై ఎనిమిది రోజులు.

పర్మినెంటు ఆర్డరు రద్దు చేశారు. ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ముందు గదిలో, వచ్చే సీసాలకి చీటీలు అంటించే పని ఇచ్చారు. మైక్రోస్కోపు ముట్టుకోవద్దన్నారు. కాంటీనులో నా ఎదర కుర్చీ ఖాళీగా ఉంటోంది. అది వాళ్ళ తప్పు కాదు.

వీధికి వెళ్ళమని నన్నెవరూ అనలేదు. మొన్న సెలవు రోజున నేనే వెళ్ళాను. మూడుసార్లు మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి మొదటి ఇంటి తలుపు తట్టాను. తలుపు తీసినమ్మాయి నా కంటే చిన్నది, నిండు చూలాలు. ల్యాబు నుంచి వచ్చానంటే నన్ను లోపలికి పిలిచి, కుర్చీ మీది బట్టలు తీసి కూచోమంది. తను మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడే ఉంది.

"వాసనొస్తోందని ఆ నీళ్ళు మానేశామండీ" అంది. "మా ఆయన దూరం నుంచి తెచ్చేవారు. బాగున్నాయని మీ కాగితం వచ్చాక, ఆయన్నెందుకు కష్టపెట్టడమని మళ్ళీ బోరువే తాగాను. డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. ఇప్పటికైతే బిడ్డ ఎదుగుదల బాగానే ఉంది, కనిపెట్టుకుని ఉండాలంది."

ఆమె నన్నే ఓదార్చేటట్టు, "మీరేం చేస్తారు లెండి. మొదట ఎవరో సరిగ్గా చూడకుండా రాసేశారట కదా" అంది.

ఊరుకుని ఉండొచ్చు. ఆమెకి ఎప్పటికీ తెలిసేది కాదు.

"రాసింది నేనే" అన్నాను. "సరిగ్గానే చూశాను. చూసి కూడా అబద్ధం రాశాను."

ఆమె నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. అందుకు సిద్ధపడే వెళ్ళాను. ఆమె మెల్లగా లోపలికి వెళ్ళింది. గ్లాసు చప్పుడు వినపడింది. తిరిగొచ్చి చేతికి గ్లాసు ఇచ్చింది. నేను పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ట్యాంకరు నీళ్ళేనండీ" అంది. "భయం లేదు, తాగండి."

తాగాను మావయ్యా. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేకపోయాను. ఇంకా ఇరవై ఐదిళ్ళు ఉన్నాయి. వచ్చే సెలవు రోజున రెండో ఇంటికి వెళతాను.

బుల్లెమ్మ